ఫారిన్ చాక్లెట్ మీ పిల్లలకు పడుతుందా? ప్యాకెట్ తిప్పి తేల్చుకోవడం ఎలా

"అక్కా, మా వాడికి పల్లీలు పడవు. మా మరిది అమెరికా నుంచి చాక్లెట్లు తెస్తున్నాడు. ఏది సేఫ్?"

బెంగళూరు మారతహళ్ళి నుంచి, కేఆర్ పురం నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి వారానికి ఒకటైనా ఇలాంటి మెసేజ్ వస్తుంది. దీపావళి, క్రిస్మస్ దగ్గరపడితే ఇంకా ఎక్కువ. అందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక అయిపోయింది, అందుకే ఒకేచోట రాసి పెడుతున్నాను.

ముందు నా సంగతి. మాది అనంతపురం. చెనిక్కాయల (పల్లీల) జిల్లాలో పుట్టి, చెనిక్కాయల చట్నీతో పెరిగాను. నా కొడుక్కి మాత్రం చెనిక్కాయలూ పడవు, జీడిపప్పూ పడదు. బసవనగుడిలో కడలెకాయి పరిషె (పల్లీల జాతర) జరిగే రోజుల్లో మేం ఆ వీధి వైపే వెళ్ళం. నేను డాక్టర్ని కాను. బెంగళూరులో ఏడేళ్ళుగా ప్యాకెట్లు తిప్పి చదువుతున్న తల్లిని, అంతే.

చాలామంది నన్ను అడిగేది బ్రాండ్ల లిస్టు. ఇవ్వను. లిస్టు ఇచ్చిన మూడు నెలలకు కంపెనీ ఫార్ములా మార్చినా, వేరే దేశపు ఫ్యాక్టరీ సరుకు మన షాపుకు వచ్చినా నా లిస్టు మీ పిల్లవాడి మీదికే వస్తుంది. మీ చేతిలో ఉన్న ప్యాకెట్‌ని మీరే తేల్చుకోవడం నేర్పుతాను. ఒకసారి అలవాటైతే ఒక్కో ప్యాకెట్‌కి రెండు నిమిషాలు చాలు.

దగ్గర ఉండాల్సినవి

- డాక్టర్ రాసిచ్చిన కాగితం: ఏవేవి పడవు, "మే కంటైన్" (ఉండవచ్చు) అని రాసి ఉన్నవి తినవచ్చా లేదా
- డాక్టర్ చెప్పిన అత్యవసర మందులు, అవి ఎప్పుడు ఎలా వాడాలో రాసిన కాగితం
- కెమెరా బాగా ఉన్న ఫోను, గూగుల్ లెన్స్
- చిన్న భూతద్దం (నవ్వకండి, మినీ ప్యాకెట్ల మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి)
- హెయిర్ డ్రయ్యర్. ఎందుకో 3వ మెట్టులో చెప్తాను
- మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి, పర్మనెంట్ మార్కర్

1. ఏది పడదో పేరు పెట్టి రాసుకోండి

మన భాషలో "పడదు" అనే మాట చాలా మెత్తనిది. పెరుగు తింటే జలుబు చేసేవాడికీ పడదంటాం, పల్లీ తగిలితే ఊపిరి ఆడనివాడికీ పడదంటాం. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళు "కొంచెం తింటే ఏం కాదులే" అంటారు. వాళ్ళ తప్పు కాదు, ఆ మాటే అలాంటిది. మా అత్తమ్మకు "పడదు" అని చెప్పడం మానేసి "ప్రాణం మీదికి వస్తుంది, ఆస్పత్రికి పరిగెత్తాలి" అని చెప్పాకే ఆమె తన లడ్డూల డబ్బాకు తాళం వేసింది.

ఇంకో చిక్కు పేర్లతో. మీరు వేరుశనగ అంటే వినేవాళ్ళకు శనగ వినిపించవచ్చు. ఇక్కడి కన్నడంలోనూ ఇదే తంటా: కడలె అంటే శనగ, కడలెకాయి అంటే వేరుశనగ. తమిళంలోనూ కడలై రెండింటికీ నడుస్తుంది. పనిమనిషికైనా, స్కూల్ ఆయాకైనా, షాపు అబ్బాయికైనా చెప్పేటప్పుడు ఫొటో చూపించి చెప్పండి. గోడంబి అంటే జీడిపప్పు, ఎళ్ళు అంటే నువ్వులు, మొట్టె అంటే గుడ్డు, హాలు అంటే పాలు. ఈ నాలుగు కన్నడ మాటలు ఫోనులో పెట్టుకోండి.

డాక్టర్‌ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "లేశమాత్రం కలిసే అవకాశం ఉందని రాసిన ప్యాకెట్ మా వాడికి ఇవ్వొచ్చా?" ఇది పిల్లవాడిని బట్టి మారుతుంది. పక్కింటి పాప తిన్నదని మీరు ఇవ్వకండి.

2. ఆ ప్యాకెట్ ఏ దేశంలో అమ్మడానికి తయారైందో చూడండి

ఎక్కడ తయారైంది అన్నదానికంటే ఏ దేశం కోసం లేబుల్ వేశారన్నది ముఖ్యం. ఒక్కో దేశం చట్టం ఒక్కో జాబితా పెట్టుకుంది. జాబితాలో లేని పదార్థాన్ని విడిగా ఎత్తి చూపించాల్సిన పని కంపెనీకి లేదు.

అమెరికా: 2006 నుంచి ఎనిమిది, 2023 జనవరి నుంచి నువ్వులతో కలిపి తొమ్మిది. పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, వేరుశనగ, చెట్టు గింజలు (జీడి, బాదం, పిస్తా, అక్రోటు వంటివి), గోధుమ, సోయా, నువ్వులు. చెట్టు గింజ ఏదో పేరుతో సహా చెప్పాలి, అది మనకు మేలు. బార్లీ మాత్రం ఈ జాబితాలో లేదు. గ్లూటెన్ (గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే ప్రొటీన్) పడని పిల్లలకు బార్లీతో చేసే మాల్ట్ ఉన్న చాక్లెట్ బంతులు ఇక్కడే మోసం చేస్తాయి. ఇంకో మాట: ఒకప్పుడు అమెరికా ప్యాకెట్ల మీద కొబ్బరిని కూడా చెట్టు గింజల కిందే రాసేవాళ్ళు. 2025 జనవరిలో అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని జాబితాలోంచి తీసేసింది. పాత ప్యాకెట్ మీద "ట్రీ నట్స్: కోకోనట్" అని కనబడితే హడలిపోకండి. కొబ్బరి కూడా పడని పిల్లవాడైతే మాత్రం ఇకనుంచి పదార్థాల వరుస మొత్తం చదవాల్సిందే.

యూరప్, బ్రిటన్: 14 పదార్థాలు. నువ్వులు, ఆవాలు కూడా వాటిలో ఉన్నాయి. పదార్థాల వరుసలోనే వాటిని బోల్డుగానో, వేరే రకం అక్షరాలతోనో కొట్టొచ్చినట్టు చూపించాలి. చదవడానికి నాకు ఇవే హాయి. చిన్న తిరకాసు: గోధుమ నుంచి తీసిన గ్లూకోజ్ సిరప్‌ను అక్కడ అలర్జీ పదార్థంగా చూపించే పని లేదు. గమ్మీల్లో అది ఎక్కువగా వాడతారు. గోధుమ అలర్జీ ఉన్న పిల్లల తల్లులు ఈ సంగతి డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి.

జపాన్: వేరుశనగ, పాలు, గుడ్డు, గోధుమ తప్పనిసరి. అక్రోటును 2023లో చేర్చారు. బాదం, నువ్వులు, సోయా మాత్రం "రాస్తే మంచిది" అనే జాబితాలో ఉన్నాయి. పైగా అక్కడ "ఉండవచ్చు" అని రాయడానికే అనుమతి లేదు. అదే ఫ్యాక్టరీలో ఫలానాది కూడా చేస్తాం అని కింద ఒక వాక్యం రాస్తే రాస్తారు. ఇవన్నీ జపాను లిపిలో. మా ఇంట్లో జపాను మిఠాయి కొనం.

మన దేశం: ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబుల్ నిబంధనల్లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్య జాతి, పాలు, గుడ్డు, చేప, వేరుశనగతో కలిపి చెట్టు గింజలు, సోయా, 10 పీపీఎం (కిలోకు 10 మిల్లీగ్రాములు) లేదా అంతకు మించిన సల్ఫైట్ (నిల్వ కోసం కలిపేది) ఉన్నాయి. నువ్వులు లేవు! నువ్వులు పడని పిల్లలున్నవాళ్ళు ఇది గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇక "మే కంటైన్" అనే హెచ్చరిక అమెరికాలో, యూరప్‌లో కంపెనీ ఇష్టం మీద నడుస్తుంది. ఆ వాక్యం లేదంటే కలిసే అవకాశం లేదని అర్థం కాదు. కంపెనీ రాయలేదు, అంతే. ఈ ఒక్క సంగతి చాలామందికి తెలియదు.

3. స్టిక్కర్ కింద ఏముందో చూడండి

విదేశీ సరుకు మీద దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, అడ్రసు, ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్స్ నంబరు, శాకాహార లేదా మాంసాహార గుర్తు ఉండాలి. వీటిని ఇక్కడ స్టిక్కర్‌గా అంటించుకోవచ్చు. అంతవరకు బాగానే ఉంది. ఆ స్టిక్కర్ తెచ్చి అసలు లేబుల్ మీదే కొడతారు!

మూడేళ్ళ కింద ఒక సూపర్ మార్కెట్లో క్యారమెల్ టాఫీలు కొన్నాను. వరుస చదివాను, బాగానే ఉంది. ఇంటికొచ్చాక స్టిక్కర్ అంచు కొంచెం లేచి ఉంటే గోటితో లాగాను. కింద సగం వాక్యం: "...ఇతర గింజలు కూడా వాడే ఫ్యాక్టరీలో తయారైంది." పిల్లవాడు పక్కనే నిలబడి చేయి చాపాడు. అప్పటినుంచి నా పద్ధతి ఇది:

- షాపులో ఉన్నప్పుడు అదే సరుకు నాలుగైదు ప్యాకెట్లు తిప్పి చూడండి. స్టిక్కర్ అన్నిటి మీదా ఒకేచోట పడదు. ఒకదాని మీద మూసిన వాక్యం ఇంకోదాని మీద కనబడుతుంది. బ్యాచ్ నంబరు ఒకటేనా అన్నది కూడా చూసుకోండి.
- అన్నిటి మీదా మూసేసి ఉంటే, కొన్నాక ఇంట్లో హెయిర్ డ్రయ్యర్‌తో అర నిమిషం వేడిగాలి పట్టి మూల నుంచి మెల్లగా లాగండి. చాక్లెట్ కరుగుతుందనుకుంటే ముందు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.
- చించినా చదవడానికి రాలేదా, ఆ ప్యాకెట్ పెద్దవాళ్ళకు. పిల్లవాడికి వద్దు.

స్టిక్కర్ మీద వేరే పదార్థాల వరుస, అసలు ప్యాకెట్ మీద వేరే వరుస ఉంటే రెండింటిలో ఏది ఎక్కువ భయపెడుతుందో దాన్నే నమ్మండి.

స్టిక్కరే లేని సరుకు కూడా ఊళ్ళో దొరుకుతుంది. మెజెస్టిక్ వైపు సందుల్లో, చిన్న చిన్న గిఫ్ట్ షాపుల్లో. లేబుల్ మొత్తం కనబడుతుంది కదా అని మొదట్లో నాకూ ఆశ పుట్టింది. కానీ అది ఎలా వచ్చిందో, అసలుదో నకిలీదో చెప్పేవాడు లేడు. కంపెనీ సరుకు వెనక్కి పిలిస్తే మనకు కబురు అందించే దారీ లేదు. నేను కొనను. లైసెన్స్ నంబరు నిజమా కాదా అని అనుమానం వస్తే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫోస్కోస్ వెబ్‌సైట్లో ఆ 14 అంకెలు కొట్టి చూడండి, ఎవరి పేరు మీద ఉందో వస్తుంది.

విడిగా జాడీల్లో పోసి తూకానికి అమ్మే జెల్లీలు, రంగు చాక్లెట్లు? అడగకండి కూడా. ఒకే గరిటె అన్ని జాడీల్లో తిరుగుతుంది.

4. పైనుంచి కిందిదాకా మూడు చోట్ల చదవండి

ముందు పదార్థాల వరుస. తర్వాత "కంటైన్స్" వాక్యం. ఆ తర్వాత "మే కంటైన్" లేదా "ఫ్యాక్టరీలో తయారైంది" అనే వాక్యం. మూడూ ఒకేచోట ఉండాలని లేదు. మడత కింద, అంటింపు అంచు దగ్గర, పోషకాల పట్టిక వెనక కూడా ఉండొచ్చు. "కంటైన్స్" ఒక్కటే చదివి బుట్టలో వేసేవాళ్ళే ఎక్కువ దెబ్బతింటారు.

వరుసలో ఈ మాటలు కనబడితే ఆగండి:

పాలకు: వే, కేసిన్, కేసినేట్, బటర్ ఫ్యాట్, లాక్టోజ్. గుడ్డుకు: అల్బుమిన్, లైసోజైమ్. వేరుశనగకు: అరాకిస్, గ్రౌండ్‌నట్, బ్రిటన్‌లో మంకీ నట్స్. చెట్టు గింజలకు: మార్జిపాన్ అంటే బాదం ముద్ద, ప్రలీన్‌లో బాదమో హేజల్‌నట్టో ఇంకో చెట్టు గింజో ఉంటుంది, జాండూయా అంటే హేజల్‌నట్, ఫిల్బర్ట్ కూడా హేజల్‌నట్టే. నౌగాట్ అంటే చాలాసార్లు గుడ్డు తెల్లసొన, గింజలు రెండూ. త్రికోణాల టోబ్లరోన్‌లో ఉండేది ఈ తేనె, బాదం నౌగాటే, తెల్లసొనతో సహా. నువ్వులకు: తహీని, జింజెల్లీ. గోధుమకు: సెమోలినా, స్పెల్ట్. లికొరిస్ మిఠాయిలు చూడ్డానికి రబ్బరు తాళ్ళలా ఉంటాయి కానీ చాలావాటికి ఆధారం గోధుమ పిండే. లెసిథిన్, లేదా 322 అనే నంబరు, సోయా నుంచి రావచ్చు, పొద్దుతిరుగుడు నుంచీ రావచ్చు. ఏదో రాయకపోతే సోయా అనుకోండి.

జర్మన్, అరబిక్, మలయ్ భాషల్లో ఉంటే గూగుల్ లెన్స్ పనికొస్తుంది. కానీ ముడతలు పడిన మెరుపు కాగితం మీద అది తప్పులు చదువుతుంది. రెండు వేర్వేరు వెలుతురుల్లో, కాగితం చదునుగా పరిచి రెండుసార్లు తీయండి. రెండుసార్లూ ఒకటే వస్తే నమ్మండి. మలేషియా, ఇండోనేషియా సరుకు మీద "కచాంగ్" అనే మాట కనబడితే పక్కన పెట్టేయండి, పప్పులకూ వేరుశనగకూ రెండింటికీ అదే వాడతారు. అక్కడా మన శనగ గోలే!

5. ఒకే పేరు, వేరే సరుకు

ఇది చదివి మీరు నన్ను తిట్టుకుంటారు కానీ నిజం. స్మార్టీస్ అని అమెరికాలో అమ్మేది పుల్లపుల్లగా ఉండే చక్కెర బిళ్ళలు. అదే పేరుతో బ్రిటన్‌లో, జర్మనీలో, కెనడాలో నెస్లే అమ్మేది పాలు, గోధుమ ఉన్న రంగు చాక్లెట్ బిళ్ళలు. పేరు విని "అవి సేఫ్ అని ఫలానా అక్క చెప్పింది" అనుకుని ఇచ్చారా, అయిపోయింది.

స్నికర్స్ తీసుకోండి. వేరుశనగ ఎలాగూ ఉంది, ఆ సంగతి అలా ఉంచండి. అమెరికా ప్యాకెట్‌లో గుడ్డు తెల్లసొన ఉంటుంది. మన దేశంలో అమ్మేది గుడ్డు లేకుండా, ఆకుపచ్చ శాకాహార చుక్కతో వస్తుంది. గుడ్డు మాత్రమే పడని పిల్లవాడు ఇక్కడిది తిని హాయిగా ఉంటాడు. మామయ్య డాలస్ నుంచి తెచ్చింది తింటే కథ మారుతుంది.

సైజు మారినా సరుకు మారవచ్చు. పెద్ద బార్ ఒక ఫ్యాక్టరీలో, పండగ మినీలు ఇంకో ఫ్యాక్టరీలో, గుడ్డు ఆకారంలో చేసిన ఈస్టర్ సరుకు మరో చోట. మామూలు ఎం అండ్ ఎమ్స్‌లో వేరుశనగ పదార్థంగా లేకపోయినా "వేరుశనగ ఉండవచ్చు" అని అమెరికా ప్యాకెట్ మీద ఉంటుంది. రంగు సంచీ ఒకేలా ఉంది కదా అని చేతికి అందింది తీసుకోవద్దు.

దుబాయ్ చాక్లెట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈమధ్య అడిగేవాళ్ళలో సగం మంది దాని గురించే. లోపల పిస్తా క్రీము, గోధుమతో చేసిన కడాయిఫ్ సేమియా, చాలావాటిలో తహీని. పైన పాల చాక్లెట్. అంటే ఒకే బార్‌లో నాలుగు. పైగా ఎవరికి వారు తయారుచేసి అదే పేరు పెట్టి అమ్ముతున్నారు. బ్రిటన్ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ 2025లో ఈ రకం చాక్లెట్లను పరీక్షించి, అలర్జీ ఉన్నవాళ్ళు వీటి జోలికి వెళ్ళొద్దని చెప్పింది. నా మాటా అదే.

6. కంపెనీకి రాసి అడగండి

లేబుల్ శుభ్రంగా ఉంది, హెచ్చరిక ఏదీ లేదు, అయినా మనసు ఒప్పుకోవడం లేదు. అప్పుడు కంపెనీ వెబ్‌సైట్లోని కాంటాక్ట్ ఫారంలో రాయండి. విదేశీ కంపెనీలు చాలావరకు జవాబిస్తాయి. "ఇది సేఫా?" అని అడిగితే లాయర్ రాసినట్టు నాలుగు వాక్యాలు వస్తాయి. ఇలా అడగండి:

ఈ బ్యాచ్ నంబరు ఏ ఫ్యాక్టరీది? అదే లైను మీద వేరుశనగ ఉన్న సరుకు నడుస్తుందా? నడిస్తే మధ్యలో ఎలా కడుగుతారు? కలిసే అవకాశం ఉంటే ప్యాకెట్ మీద ఎప్పుడూ రాస్తారా, అప్పుడప్పుడా?

ఆఖరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. "మేం ప్రతిసారీ రాస్తాం" అన్న కంపెనీ లేబుల్‌ను కొంచెం నమ్మవచ్చు. ఇక్కడి దిగుమతిదారుకు ఫోన్ చేస్తే ఏమొస్తుంది అంటారా? నా అనుభవంలో "మేడమ్, వెజ్జే మేడమ్" అనే జవాబు వస్తుంది.

అలర్జీ పిల్లల కోసమే చేసే కంపెనీలు కూడా ఉన్నాయి. అమెరికాలో ఎంజాయ్ లైఫ్, యమ్‌అర్త్ లాంటివి. ధర ఎక్కువ, ఇక్కడ ఒకసారి దొరికితే ఇంకోసారి దొరకదు. ఎవరైనా వస్తుంటే వాళ్ళతో తెప్పించుకోవడమే మేలు. వీటినీ చదవకుండా ఇవ్వొద్దు.

7. చుట్టాలు తెచ్చేవి

మన ఇళ్ళల్లో ఫారిన్ చాక్లెట్లు షాపు నుంచి కాదు, సూట్‌కేసులోంచి వస్తాయి. 23 కిలోల లెక్క కుదరడానికి పెద్ద సంచీలు చించి, మినీలన్నీ జిప్ కవర్లో కుక్కి తెస్తారు. లేబుల్ అక్కడే చెత్తబుట్టలో ఉండిపోతుంది. విడి మినీల మీద చాలాసార్లు పదార్థాల వరుస ఉండదు. పైగా వేరుశనగ చాక్లెట్లూ, మామూలువీ అన్నీ ఒకే కవర్లో.

తెచ్చేవాళ్ళకు బయల్దేరడానికి రెండు వారాల ముందే ఈ మెసేజ్ పెట్టండి: "బావా, బాబు కోసం ఏదైనా కొనేముందు వెనక వైపు ఫొటో పంపు. నేను సరే అన్నది ఒక్కటే తీసుకో. సంచీ చించకు. మిగతావాళ్ళవి వేరే కవర్లో పెట్టు." మొహమాటం వద్దు. మా మరిది మొదటిసారి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఇప్పుడు షాపులో నిలబడి వీడియో కాల్ చేస్తాడు.

ఆన్‌లైన్‌లో, పది నిమిషాల డెలివరీ యాప్‌లలో కొనేటప్పుడు అక్కడి ఫొటో చూసి నిర్ణయించుకోకండి, అది ఏ ఏడాదిదో. చేతికి వచ్చిన ప్యాకెట్టే ప్రమాణం.

8. మొదటిసారి తినేటప్పుడు

అన్నీ సరిపోయిన కొత్త చాక్లెట్‌ను పగటిపూట, ఇంట్లో, మందులు అందుబాటులో పెట్టుకుని ఇవ్వండి. జ్వరం ఉన్న రోజు, ప్రయాణంలో, పడుకోబోయే ముందు, పార్టీలో వద్దు. చిన్న ముక్క ఇచ్చి, ఓ రెండు గంటలు కళ్ళెదుట ఉంచుకోండి.

జాగ్రత్త: ఇది లేబుల్ శుభ్రంగా ఉన్న సరుక్కి మాత్రమే. "కొంచెం పెట్టి చూద్దాం, పడుతుందేమో" అని పడని పదార్థం ఉన్నదాన్ని ఇంట్లో పరీక్షించడం ప్రాణాలతో ఆట. ఆ పరీక్ష ఆస్పత్రిలో డాక్టర్ల ముందే చేయాలి.

ఊపిరి ఆడకపోవడం, గొంతు మారడం, నాలుక వాపు, ఆగని వాంతులు, పిల్లవాడు వాలిపోవడం, వీటిలో ఏది కనబడినా డాక్టర్ కాగితం మీద ఉన్న ఎడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే, ఆ తర్వాత 108. సెట్రిజిన్ (అలర్జీ సిరప్) పోసి ఎదురుచూడకండి, అది దద్దుర్లకే గానీ ఊపిరికి పనిచేయదు. ఆటో ఇంజెక్టర్ పెన్నులు మన దగ్గర సులువుగా దొరకవు. కొందరు డాక్టర్లు ఆంప్యూల్ (చిన్న మందు సీసా), సిరంజి ఇచ్చి ఎలా వేయాలో నేర్పిస్తారు. మీ డాక్టర్ నేర్పకపోతే మీరే అడగండి.

అందరూ చేసే తప్పులు

పచ్చ చుక్క చూసి పాలు లేవనుకోవడం. మన దేశంలో పాలు శాకాహారమే. పచ్చ చుక్క గుడ్డు లేదని మాత్రం చెప్తుంది. గింజల గురించి అది ఏమీ చెప్పదు. చాలా గమ్మీలకు గోధుమ రంగు త్రికోణం (మాంసాహార గుర్తు) వచ్చేది జంతువుల నుంచి తీసే జెలటిన్ వల్ల, దానికీ అలర్జీకీ సంబంధం వెతకకండి.

"వీగన్" అంటే పాల అలర్జీ వాడికి సేఫ్ అనుకోవడం. పదార్థంగా వేయలేదు, సరే. పాల చాక్లెట్ నడిచిన లైను మీదే అదీ నడవవచ్చు. లాక్టోజ్ ఫ్రీ అంటే పాల ప్రొటీన్ పోయిందని కాదు.

డార్క్ చాక్లెట్‌లో పాలు ఉండవనుకోవడం. ఎఫ్‌డీఏ వాళ్ళు ఒకసారి వరుసలో పాలు రాయని 88 డార్క్ చాక్లెట్ బార్లను పరీక్షిస్తే 51 బార్లలో పాలు బయటపడ్డాయి. పాలు పడని పిల్లలున్న ఇంట్లో నేనైతే మామూలు డార్క్ చాక్లెట్ ఆలోచనే పెట్టుకోను.

వేరుశనగ ముక్క ఏరేసి మిగతాది ఇవ్వడం. ఇది ఎక్కువగా నాయనమ్మలు, తాతయ్యలు. ప్రేమతోనే చేస్తారు.

ఒకసారి చదివాం కదా అని ఆపేయడం. మా ఇంట్లో రెండేళ్ళు తిన్న బిస్కెట్ చాక్లెట్ ప్యాకెట్ మీద ఒక రోజు "కొత్త రుచి" అని పసుపు చార వచ్చింది. వెనక జీడిపప్పు వచ్చింది.

ఫారిన్‌ది చదివి, ఇక్కడిది చదవకపోవడం. సంక్రాంతికి పక్కింటివాళ్ళు పంచే ఎళ్ళు బెల్లంలో నువ్వులూ వేరుశనగా ఎదురుగానే కనబడతాయి. దానితో ఇచ్చే చక్కెర అచ్చులు ఒట్టి చక్కెరే కదా అని పాలు పడని పాపకు ఇస్తారు. పాకం తేటపడడానికి అందులో పాలు పోస్తారని చాలామందికి తెలియదు.

సరిగ్గా చేశామా లేదా ఎలా చూసుకోవాలి

మూడుసార్లు చదవాలి: కొనేటప్పుడు, డబ్బాలో పెట్టేటప్పుడు, చేతికి ఇచ్చేటప్పుడు. మొదటి రెండు మీరు, మూడోది ఇంట్లో ఇంకొకరు చదివితే మంచిది. మా ఆయన ఒకసారి నా కళ్ళు దాటిపోయిన "హేజల్‌నట్ పేస్ట్" పట్టుకున్నాడు. అప్పటికి నాకు ఆరేళ్ళ అనుభవం.

ఫోనులో ఒక ఆల్బమ్ పెట్టండి. ప్రతి ప్యాకెట్ ముందు, వెనక, బ్యాచ్ నంబరు. కొత్తది కొన్నప్పుడు పాత ఫొటో పక్కన పెట్టి పోల్చండి, తేడా వెంటనే కనబడుతుంది. పిల్లవాడికి ఏదైనా అయితే డాక్టర్‌కి చూపించడానికీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయడానికీ ఆ ఫొటోలే ఆధారం. అందుకే తినేదాకా కవరు పారేయకండి, తిన్న మర్నాటిదాకా కూడా ఉంచండి.

అమెరికా ఎఫ్‌డీఏ, బ్రిటన్ ఏజెన్సీ వెనక్కి పిలిచిన సరుకు వివరాలు ఉచితంగా ఈమెయిల్‌లో పంపుతాయి. నమోదు చేసుకోండి. చెప్పకుండా కలిసిన అలర్జీ పదార్థం వల్ల వెనక్కి పిలిచే సరుకే వాటిలో ఎక్కువ కనబడుతుంది.

డబ్బా మీద మార్కర్‌తో పేరు రాసి, తేల్చుకున్నవి మాత్రమే అందులో వేయండి. అలాంటిదే చిన్న డబ్బా ఒకటి స్కూల్లో టీచర్ దగ్గర పెట్టండి. ఎవరి పుట్టినరోజైనా చాక్లెట్ పంచితే, మీ వాడు తన డబ్బాలోంచి ఒకటి తీసుకుంటాడు. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు హాలోవీన్ కూడా మొదలైంది, పిల్లలు తలుపులు కొట్టి చాక్లెట్లు అడుగుతారు. మేం ముందురోజే గ్రూపులో మెసేజ్ పెట్టి, నాలుగైదు ఇళ్ళకు క్రేయాన్లు, రబ్బర్లు ఇచ్చి వస్తాం, మా వాడు వస్తే అవి ఇవ్వమని.

ఇక పిల్లవాడికి నేర్పిన వాక్యం ఒక్కటే: "ప్యాకెట్ చూపించండి ఆంటీ, మా అమ్మ చదవాలి." నాలుగేళ్ళప్పుడు నేర్పాను. పోయిన నెల ఒక పెళ్ళిలో పక్క టేబుల్ పెద్దాయన చేతిలో లాలీపాప్ పెడితే ఇదే అన్నాడు. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి, తనే చదవడం మొదలుపెట్టాడు.